నాలుగొందల మీటర్ల లోటు

హిమజ ఎవర్నీ నమ్మదు. ఇది ఆమె మీద నింద కాదు, ఆమె ఉద్యోగమే అంత. ఉప్పాడ దగ్గర సరుగుడు తోటల మధ్య ఉన్న నడక కొలతల కేంద్రంలో తప్పులు పట్టడం ఆమె పని. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు అబద్ధం చెబుతున్నాయేమో, చేతిలో పట్టుకున్న పరికరం అబద్ధం చెబుతోందేమో, ఆ పరికరం పట్టుకున్న మనిషి తప్పకుండా అబద్ధం చెబుతాడు అనుకుని పొద్దున్నే పని మొదలుపెట్టాలి. పదేళ్ళుగా అలా అనుకునీ అనుకునీ, కూరగాయల కొట్లో తక్కెడ ముల్లు కుదురుకునేదాకా చెయ్యి చాచని మనిషిగా తయారైంది. తల్లి మంగతాయారు ఆమెను అనుమానప్పక్షి అంటుంది. ఆ మాట అనే హక్కు మంగతాయారుకి ఎంత ఉందో కాసేపట్లో మీరే చూస్తారు.

అలాంటి హిమజ దగ్గరికి నవంబరు నెలాఖరులో ఒక సోమవారం పొద్దున్న నక్కా ఏసుపాదం వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. చిట్టేరు కాలువ మీద లష్కరు. రోజూ గట్టు పొడుగునా నడిచి, ఎక్కడ పీత బొరియ పెట్టింది, ఎక్కడ నీరు ఊటగా కారుతోంది, ఏ తూము తలుపు బిగుసుకుపోయింది అని చూసుకోవడం లష్కరు పని. అతని వంతు పన్నెండు కిలోమీటర్లు. తువ్వాలులో చుట్టి తెచ్చిన పరికరాన్ని బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"మేడమ్ గారూ, ఇది నా ఉజ్జోగం తినేత్తందండి," అన్నాడు.

"కూర్చుని, ముందు నుంచి చెప్పండి."

అతను కూర్చోలేదు. "మొన్న పదో తారీకున వానల్లో చివరి తూము కాడ గండి పడిందండి. నలభై ఎకరాలు, కోతకొచ్చిన చేను, మునిగిపోయిందండి. ఆ పొద్దున్నే నేను తూము దాకా ఎల్లేనండి. అప్పటికి గట్టు నిబ్బరంగానే ఉందండి. ఇదేమో నేను తూముకి మూడొందల డెబ్బై మీటర్లు ఇవతలే ఆగిపోయి ఎనక్కొచ్చేనని చెప్తందండి. శుక్రారం ఇచారణండి. ఉజ్జోగం తీసేసి కేసెడతారంటన్నారండి."

హిమజ అతని మొహం వంక కాకుండా కాళ్ళ వంక చూసింది. మడమలు పగిలి ఉన్నాయి, వేళ్ళు వెడల్పుగా పరుచుకున్నాయి. నడిచే కాళ్ళే. కానీ రోజూ పదకొండున్నర కిలోమీటర్లు నడిచి చివరి అరకిలోమీటరు ఎగ్గొట్టే మనిషి కాళ్ళు కూడా ఇలాగే ఉంటాయి కదా అనుకుంది. ఈ మధ్య కాలువల శాఖ నుంచి ఇలాంటి ఫిర్యాదులు పెరిగాయి. లష్కర్లందరూ కూడబలుక్కుని తక్కువ నడుస్తున్నారని అక్కడి ఇంజనీర్లకు గట్టి నమ్మకం. హిమజకు కూడా అదే నమ్మకం.

"రేపు నేను మీతో నడుస్తాను," అంది.

ఆ పరికరం పేరు నడకమాని. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. దానికి ముందున్న చేతి జీపీఎస్‌లు నడకను కొలవడంలో చేసిన ఆగడాలు ఇన్నీ అన్నీ కావు. వంతెన మీద కూర్చుని టీ తాగుతున్న మనిషి నలభై మీటర్లు నడిచాడని చెప్పేవి. గట్టు మీద వెళ్తున్న లష్కరు కాలువ నడిమధ్య నీళ్ళ మీద వెళ్తున్నట్టు పటంలో గీసేవి. కారణం చెట్లు. గట్టుకి రెండు వైపులా నిద్రగన్నేర్లు కమ్ముకుని ఉంటాయి. ఉపగ్రహం సంకేతం ఆకుల్లో చెదిరి, నీళ్ళ మీద పడి లేచి, వంకర టింకరగా వస్తుంది. ఆ వంకరలన్నీ కలిపితే దూరం పెరిగిపోతుంది. వంకరలు చెరిపేద్దామని చూస్తే మలుపులు కూడా చెరిగిపోయి దూరం తరిగిపోతుంది.

దీనికి విరుగుడుగా ఈ కేంద్రం వాళ్ళు ఒక మనిషిని పట్టుకున్నారు. అడుగు తప్పని మనిషి. వానకీ ఎండకీ, కోపానికీ సంతోషానికీ, సరిగ్గా డెబ్బై అయిదు సెంటీమీటర్ల అడుగు వేసే మనిషి. అతని కాలు నేలను తాకిన దెబ్బ, చెయ్యి ఊపు, నడుము కదలిక అన్నీ పరికరానికి నేర్పారు. చెట్ల కింద ఉపగ్రహం మాట తడబడితే నడకమాని ఆ మనిషి నడకను ఆసరా చేసుకుని, తనను మోస్తున్న వాళ్ళ అడుగు ఎంతో లెక్కగడుతుంది. ఊళ్ళో గడియారాలన్నీ మిల్లు కూతకి సరిచేసుకున్నట్టు, రోజూ ఉదయం ఆరింటికి ఆ మనిషి తోటలో ఒక కిలోమీటరు నడవగానే నాలుగు వేల నడకమానులు ఎక్కడివక్కడ సరిచేసుకుంటాయి.

ఆ మనిషి సత్తిరాజు. హిమజ తండ్రి. సర్వే శాఖలో ముప్పై ఏళ్ళు చైన్‌మన్‌గా భూమి కొలిచే గొలుసు లాగి రిటైరయ్యాడు. కేంద్రం పెట్టిన రోజున తోటలో ఒక రాయి నుంచి ఇంకో రాయికి ఉక్కు టేపుతో కిలోమీటరు కొలిచి పాతింది కూడా ఆయనే. ఇందులో బంధుప్రీతి ఉందని వెనకాల అనుకున్నవాళ్ళు ఉన్నారు గానీ, ఆయన నడక చూశాక ఆ మాట ఎవరూ రెండోసారి అనలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మంగతాయారు వంటింట్లోంచి సైగ చేసి పిలిచింది.

"మీ నాన్న రోజూ మధ్యాన్నం మేడ మీదకెళ్ళి తలుపేసుకుంటన్నాడే. గంటసేపు దిగడు. అడిగితే గాలి కోసం అంటాడు. గాలి కోసమైతే తలుపెందుక్కి?"

"చుట్ట మళ్ళీ మొదలెట్టాడంటావా?"

"ఒట్టేసేడు మరి. నాకైతే నమ్మకం లేదు. చొక్కా వాసన చూసేను, చుట్ట వాసన రాలేదు. అదే అనుమానంగా ఉంది. వాసన కూడా రాకుండా ఏం చేస్తన్నాడో."

హిమజ నవ్వేసింది. ఆ నవ్వుకి తర్వాత ఎన్నిసార్లు సిగ్గుపడిందో ఆమెకే తెలుసు.

మంగళవారం పొద్దున్నే చిట్టేరు కాలువ తలగట్టు దగ్గర దిగింది. కొలత చక్రం ఒకటి తోసుకుంటూ, ఇంకో చేతిలో కేంద్రం నుంచి తెచ్చిన కొత్త నడకమాని పట్టుకుని బయల్దేరింది. ఏసుపాదం తనది పట్టుకుని ముందు నడిచాడు. అతను ఏ మాయ చేస్తాడోనని దారంతా అతని చెయ్యినే చూసింది. అతను మాయ ఏమీ చేయలేదు. మధ్యలో రెండుసార్లు వంగి గట్టు మీద అరచెయ్యి ఆనించి తడి చూశాడు, ఒకసారి బొరియలో మన్ను కూరి మడమతో తొక్కాడు. చివరి తూము చేరేసరికి ఎండ ఎక్కింది. గండి పూడ్చిన చోట ఇసుక బస్తాలు ఇంకా ఉన్నాయి. అవతల చేనంతా బురద రంగులో పడుకుని ఉంది.

చక్రం పన్నెండు వేల నాలుగు మీటర్లు చూపించింది. ఏసుపాదం నడకమాని పదకొండు వేల ఆరొందలు. హిమజ చేతిలో ఉన్న కొత్తది కూడా పదకొండు వేల ఆరొందల మూడు.

హిమజ తూము గట్టు మీద కూర్చుండిపోయింది. లష్కరు దొంగ అయితే అతని పరికరం ఒక్కటే తక్కువ చూపించాలి. తన చేతిలోది తనకే తక్కువ చూపించింది. పటంలో తామిద్దరూ ఇంకా నాలుగు వందల మీటర్ల వెనకాల చెట్ల కింద నిలబడి ఉన్నారు.

"ఇప్పుడు నేనెక్కడున్నానండి, మేడమ్ గారూ?" అన్నాడు ఏసుపాదం. మాటలో ఎక్కడా ఎకసెక్కెం లేదు. నిజంగానే అడిగాడు.

"ఇక్కడే ఉన్నారు," అంది. ఇన్నాళ్ళూ తను దొంగలనుకున్న లష్కర్లందరూ వరసగా గుర్తొచ్చారు.

తిరిగొస్తూ ఇంకో సంగతి ఆలోచించింది. పదో తారీకున లోటు మూడొందల డెబ్బై. రెండు వారాలు తిరిగేసరికి నాలుగొందలైంది. పరికరం తప్పు అయితే ఒకచోట నిలబడాలి. ఈ తప్పు పెరుగుతోంది. అంటే వెనకాల ఎవరో ఉన్నారు.

ఆ ఎవరో కేంద్రం డైరెక్టరు శేషశయనం గారే అని ఆమె అనుమానం. ఆయన మెత్తటి మనిషి, గట్టిగా తలుపు కూడా వెయ్యడు. అంత మెత్తటివాళ్ళను హిమజ మొదట్నుంచీ నమ్మదు. చౌక సెన్సార్లు కొన్నాడేమో, లెక్క సూత్రంలో వేలు పెట్టాడేమో. కేంద్రానికి రాగానే నడకమాని పట్టుకుని రాళ్ళ మధ్య నడిచి చూసింది. సరిగ్గా వెయ్యి మీటర్లు, ఒక్క మీటరు అటూ ఇటూ కాలేదు. ఇంట్లో పెద్దమనిషి, వీధిలో దొంగ అన్నట్టు ఉంది దాని వరస.

కంప్యూటర్లో రోజువారీ సవరణల చిట్టా తెరిచింది. జులై దాకా సవరణలు అటోసారి ఇటోసారి ఊగాయి. జులై నుంచి ఒకే వైపు జరుగుతున్నాయి. కొంచెం కొంచెం, రోజూ. ఆగస్టు మూడో వారంలో యంత్రం ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక ఇచ్చింది: ప్రమాణ నడకలో మార్పు కనిపిస్తోంది, పరిశీలించండి. దాని కింద ఎవరో జవాబు పెట్టారు: సెన్సార్ల అరుగుదల, పట్టించుకోనక్కర్లేదు. ఆ తర్వాత హెచ్చరిక మళ్ళీ రాలేదు.

దొరికాడు అనుకుంది హిమజ. జవాబు పెట్టిన వాళ్ళ పేరు కోసం కిందికి జరిపింది. అక్కడ ఉన్నది ఆమె పేరే.

ఎవరైనా తన పేరుతో దూరారేమో అని ఒక్క క్షణం అనుకుంది గానీ, అంతలోనే ఆ రోజు గుర్తొచ్చింది. హెచ్చరిక చూసి తను చేయాల్సిందే చేసింది, రిజిస్టరు చూసింది. తండ్రి రోజూ నడిచొచ్చి ఎన్ని అడుగులు పడ్డాయో నోటితో చెబుతాడు, తను సిరాతో రాస్తుంది. రిజిస్టర్లో అడుగులు కిలోమీటరుకి పడాల్సినన్నే ఉన్నాయి, కాబట్టి తప్పు సెన్సారుదే అనుకుని కొట్టేసింది.

లేచి వెళ్ళి రిజిస్టరు తెచ్చింది. జూన్ నెల పేజీ: పదమూడు వందల ముప్పై ఒకటి, ముప్పై నాలుగు, ముప్పై మూడు, ముప్పై, ముప్పై అయిదు. జులై రెండో వారం నుంచి: ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై మూడు. పేజీ తిప్పింది. ముప్పై మూడు. నాలుగు నెలలకు పైగా, తన దస్తూరీతో, ఒకే అంకె.

కొలిచిన అంకె ఏదైనా కాస్త కదులుతుంది. కదలని అంకె కనిపిస్తే అది కొలిచింది కాదు, చెప్పింది. ఈ ముక్క హిమజ కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే చెబుతుంది. ఊరందర్నీ అనుమానించిన మనిషి, రోజూ పొద్దున్నే ఆరింటికి తన కళ్ళ ముందు జరిగినదాన్ని అనుమానించలేదు. నాన్న చెప్పిన అంకె మరి.

బుధవారం పొద్దున్న ఆయన కంటే ముందే తోటకి వెళ్ళి సరుగుళ్ళ వెనక నిలబడింది. కన్నతండ్రిని చాటు నుంచి చూడ్డం తల కొట్టేసినట్టుగా ఉంది. సత్తిరాజు వచ్చాడు, రాయి దగ్గర చెప్పులు విడిచాడు, నడక మొదలుపెట్టాడు. ఆమె చెట్ల వెనకాలే వెళ్తూ లెక్కపెట్టింది. ఎడమచెయ్యి ఎప్పట్లానే ఊగుతోంది. కుడిచెయ్యి చొక్కాకి కుట్టేసినట్టు కదలకుండా ఉంది. కుడికాలు నేలను విడవడానికి ఇష్టం లేనట్టు ఇసుకలో చిన్న గీత గీస్తోంది. రెండో రాయి చేరేసరికి పదమూడు వందల డెబ్బై తొమ్మిది అడుగులు. ఆమె వేళ్ళ మీద లెక్క వేసింది. డెబ్బై రెండున్నర సెంటీమీటర్లు.

అడ్డదారిన పరిగెత్తి ఆఫీసులో బల్ల దగ్గర కూర్చుంది. ఆయన లోపలికొచ్చాడు.

"రాసుకోమ్మా. పదమూడొందల ముప్పై మూడు."

హిమజ రాసింది.

అసలు జరిగింది ఇదీ. ఆయన అడుగు వారానికి ఒక మిల్లీమీటరు పైచిలుకు పొట్టిదవుతోంది. రాళ్ళ మధ్య దూరం మాత్రం కిలోమీటరే. పొట్టి అడుగుల మనిషి కిలోమీటరు నడిచాడు కాబట్టి, అడుగంటే ఇంతే కాబోలు అని యంత్రం నేర్చుకుంది. ఆ నేర్చుకున్నదాన్ని నాలుగు వేల మంది చేతుల్లోకి పంపింది. రాళ్ళ మధ్య దారికి పైన ఆకు అడ్డం లేదు, ఉపగ్రహం మాట తిన్నగా అందుతుంది, అందుకే అక్కడ అంతా సరిగ్గానే ఉంది. చెట్ల కింద నడిచే ఏసుపాదం లాంటివాళ్ళకు మాత్రం, నాన్న జబ్బు ఎంతో అంత దూరం రోజూ కోత పడుతోంది.

జబ్బు. ఆ మాట మనసులోకి వచ్చాక మళ్ళీ పోలేదు. ఆమె చిట్టాలో ఆ నాలుగున్నర నెలల గీతలన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చి చూసింది. కుడిచెయ్యి ఊపు తగ్గడం, కాలు మోపే దెబ్బ మెత్తబడడం, మలుపు దగ్గర తడబాటు. డాక్టరు అక్కర్లేదు. వణుకు రాకముందే నడకలోకి వచ్చే ఆ పార్కిన్సన్ జబ్బు గురించి ఈ కేంద్రంలోనే ఎన్నో కాగితాలు చదివింది. ప్రపంచంలో ఏ రోగికీ ఇంత వివరమైన రికార్డు ఉండదు. అది తన ముందే తయారైంది, తనే దాని మీద "పట్టించుకోనక్కర్లేదు" అని రాసింది.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వెళ్ళింది. మంగతాయారు మెట్ల వైపు చూపించింది. మేడ తలుపు లోపల గడియ పెట్టి ఉంది. హిమజ తలుపు కొట్టలేదు. కిటికీ రెక్క సందులోంచి చూసింది.

డాబా నేల మీద సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీసి ఉన్నాయి. పక్కన ఉక్కు టేపు. గీతకీ గీతకీ మధ్య ఎంత దూరమో ఆమె కొలవక్కర్లేదు. సత్తిరాజు ఒక్కో గీత మీద మడమ పెట్టడానికి ప్రయత్నిస్తూ నడుస్తున్నాడు. మొదటి మూడు గీతలు అందాయి. నాలుగోది కొంచెంలో తప్పింది. అయిదోది ఇంకొంచెం ఎక్కువ తప్పింది. గోడ దగ్గరికి వెళ్ళి, నెమ్మదిగా నాలుగైదు చిన్న అడుగుల్లో తిరిగి, మళ్ళీ మొదటి గీత దగ్గరికి వచ్చాడు.

"నాన్నా, తలుపు తియ్యి."

ఆయన చాలాసేపటికి తీశాడు. సుద్ద అంటిన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"ఆషాఢం నుంచమ్మా." అబద్ధం ఆడే ఓపిక ఆయనకు అయిపోయినట్టుంది. "ఒక రోజు పదమూడొందల నలభై వచ్చింది. లెక్క తప్పేననుకున్నాను. మర్నాడు నలభై ఒకటి. నేను లెక్క తప్పే మనిషినా?"

"నాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే ఏం చేస్తావు? లింకు వంగి గొలుసు పొట్టిదైతే ఆఫీసులో మూల పడేస్తాం. నేనే ఎన్ని పడేసేనో. ముప్పై ఏళ్ళు గొలుసు లాగేను, కొలిచింది నేనూ, సంతకం పెట్టింది ఇంకొకళ్ళూ. ఇన్నాళ్ళకి నా అడుగు నాలుగేల మంది చేతుల్లో ఉంది. నాలుగు రోజులు సాధన చేస్తే మళ్ళీ వచ్చేత్తాదనుకున్నాను. వత్తలేదు."

హిమజకు ముందు కోపం వచ్చింది. ఇంత అబద్ధం తన చేత రాయించాడని వచ్చిన కోపం. ఆ కోపంలోనే చెప్పేసింది, చిట్టేరు కాలువ సంగతి, ఏసుపాదం సంగతి, శుక్రవారం సంగతి. చెబుతూ ఉండగానే ఆయన గోడ పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. అప్పుడు ఆమెకు కోపం పోయి ఏడుపొచ్చింది.

"యంత్రం సరిచేసుకుంటాదనుకున్నానమ్మా," అన్నాడు. "నా మూలంగా ఇంకోడి దారి తరుగుతాదని నాకు తట్టలేదు."

మెట్ల మీద నిలబడి మంగతాయారు అంతా విన్నది. "చుట్టే అయ్యుంటే బాగుండేది," అని మాత్రం అని, వచ్చి ఆయన పక్కన కూర్చుని, సుద్ద చెయ్యి కొంగుతో తుడిచింది.

గురువారం శేషశయనం గారు అంతా విని, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"రేపట్నుంచి ప్రమాణం మారుద్దాం హిమజా. పదిమంది నడకల సగటు పెడదాం. పాతది తవ్వితే నాలుగు వేల కేసులు మీద పడతాయి. మీ నాన్నగారి పేరు, ఆయన జబ్బు, అన్నీ బజారున పడతాయి. అది నీకిష్టమా?"

"ఏసుపాదం సంగతేంటి సార్?"

"సెన్సార్ల అరుగుదల వల్ల అతని పరికరం తక్కువ చూపించి ఉండొచ్చని ఉత్తరం ఇద్దాం. అతను బయటపడతాడు. మీ నాన్నగారూ బయటపడతారు."

హిమజ ఆయన మొహంలో మోసం కోసం వెతికింది. జాలి తప్ప ఏమీ కనబడలేదు. సరేనంది. ఇంత సుఖమైన దారి ఎప్పుడూ నమ్మని మనిషి, ఆ రోజు నమ్మాలనుకుని నమ్మింది. ఉత్తరం తనే రాసింది.

శుక్రవారం కాలువల శాఖ ఆఫీసుకి సత్తిరాజు కూడా వస్తానన్నాడు. ఆ లష్కరుని ఒకసారి చూడాలన్నాడు. హిమజ వద్దనలేకపోయింది. విచారణ గదిలో ఏసుపాదం ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడ వారగా నిలబడి ఉన్నాడు. సత్తిరాజు వెనక బల్ల మీద కూర్చున్నాడు. విచారణాధికారి కామేశ్వరి గారు పెద్దావిడ, ఎవరేం చెప్పినా కాగితం తిప్పి వెనక వైపు కూడా చూసే రకం. హిమజ ఉత్తరం చదవగానే ఆవిడ తలెత్తింది.

"సెన్సారు అరిగిందంటారు."

"అవునండి."

"ఏసుపాదానికి ఈ పరికరం సెప్టెంబరులో కొత్తది ఇచ్చారు. రశీదు ఇదిగో. రెండు నెలల్లో అరిగిందా?"

హిమజ రశీదు తీసుకుని తేదీ చూసింది.

"పైగా ఇదే రకం పరికరం మీ కేంద్రంలో రోజూ వెయ్యి మీటర్లు సరిగ్గా చూపిస్తోందని మీ రికార్డులే చెబుతున్నాయి. అరిగిన సెన్సారు మీ దగ్గర బాగుండి, ఇతని దగ్గరే పాడైందా? చూడమ్మా, లష్కరు మీద జాలితో రాశావో, మీ సంస్థ కోసం రాశావో నాకు తెలీదు. దీన్ని నేను నమ్మను." ఆవిడ ఉత్తరాన్ని పక్కకి నెట్టి కలం తీసింది. "ఏసుపాదం, నువ్వు చెప్పుకునేది ఇంకేమైనా ఉందా?"

"ఎల్లేనండి," అన్నాడు ఏసుపాదం. "అంతకంటే నాకేం తెలుసండి."

కలం కాగితం మీద ఆనింది. ఇంకో నిమిషంలో ఇరవై ఏడేళ్ళ ఉద్యోగం పోతుంది. నిజం హిమజ నాలిక చివర ఉంది. దాన్ని బయటికి తెస్తే తండ్రి ఈ గదిలో, ఇంతమంది ముందు, పనికిరాని కొలత అయిపోతాడు. ఆమె నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

వెనక బల్ల కదిలిన చప్పుడైంది.

"అమ్మగారూ, సెన్సారు కాదండి. నేనండి."

సత్తిరాజు బల్ల అంచు పట్టుకుని లేచాడు. జరిగింది మొత్తం చెప్పాడు, వరసగా, గొలుసు కొలతల పట్టీ చదివినట్టు. రోజూ ఎన్ని అడుగులు పడ్డాయి, ఎన్ని చెప్పాడు, ఎందుకు చెప్పాడు. కూతురికి బుధవారం దాకా తెలియదని కూడా చెప్పాడు. తెలిశాక కూడా ఉత్తరంలో ఎందుకు రాయలేదో ఆయన చెప్పలేదు. అందరికీ తెలుస్తూనే ఉంది.

కామేశ్వరి గారు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఈ లష్కరు మీకు చుట్టమా?"

"ఇవాళే చూస్తన్నానండి."

"మాటతో రాయలేను. నడిచి చూపిస్తారా?"

అందరూ వరండాలోకి వచ్చారు. ఆవిడే దగ్గరుండి టేపు పరిపించింది. ముప్పై మీటర్లు. గుమాస్తాలు తలుపుల్లోంచి తొంగి చూస్తున్నారు. సత్తిరాజు చెప్పులు విడిచి గోడ దగ్గర పెట్టాడు. హిమజ చెయ్యి అందించబోతే వద్దన్నట్టు తలూపాడు. నడిచాడు. ఒక్కో అడుగూ పైకే లెక్కపెట్టాడు, గొంతు దాచకుండా. పాత అడుగైతే నలభైతో టేపు చివర కాలు పడాలి. నలభై అన్నప్పుడు ఇంకా మీటరు దూరం మిగిలి ఉంది. ఆయన ఆగలేదు. నలభై ఒకటి అన్నాడు. తర్వాతి అడుగు సగంలో ఉండగా చివర దాటింది. ఏసుపాదం తల దించుకున్నాడు. తన ఉద్యోగం నిలబడుతోందని అతనికి తెలుసు, అయినా ఆ నడక చూడలేకపోయాడు. హిమజ గోడ వైపు తిరిగి ఏడ్చింది. సిగ్గుతోనూ ఏడ్చింది, ఆయన తన తండ్రి అయినందుకూ ఏడ్చింది.

కామేశ్వరి గారు కుర్చీ వరండాలోకే తెప్పించుకుని కూర్చుంది. ఏసుపాదం మీద అభియోగం కొట్టేస్తూ నాలుగు వాక్యాలు రాసింది. ఆ రోజు అతను తూము దాకా వెళ్ళాడని రాసింది. మిగిలిన లష్కర్ల ఫైళ్ళన్నీ బయటికి తియ్యమని గుమాస్తాకి చెప్పింది. తర్వాత కొత్త కాగితం తీసి, సత్తిరాజు పేరు రాసి, ఆగింది.

"మీ అడుగు ఎంతని రాసుకోమంటారు?"

సత్తిరాజు చెప్పులు తొడుక్కుంటున్నాడు. కుడి చెప్పు రెండోసారికి గానీ పట్టలేదు.

"ఇవాళ్టికి డెబ్బై రెండున్నరండి," అన్నాడు. "రేపటిది రేపు కొలుచుకుని రాయాలండి."

ఆవిడ అంకె రాసి, దాని పక్కన ఆ రోజు తేదీ వేసింది.